గంప నెత్తిన పెట్టుకుని తిరిగిన కాలనీ

ఓడ ఇల్లు కూలగొడుతుంటే రోడ్డుకు అవతల నిలబడి చూశాను. ఎవరి ఇల్లు కూలుతున్నా అయ్యో అనాలంటారు. నాకు రాలేదు. పసుపు రంగు మిషను తన పొడుగు చెయ్యి ఎత్తి ముందువైపు గుండ్రటి కిటికీని ఒక్క పోటు పొడిచింది. లోపలి గది గులాబీ రంగు గోడ బయటపడింది. దాని మీద క్యాలెండరు తగిలించిన మేకు ఇంకా అలాగే ఉంది. దుమ్ము లేచి నా దాకా వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. కాసేపు ఆ దుమ్ములోనే నిలబడి, బస్సెక్కి నాచారం వచ్చి అన్నం తిన్నాను. ఆ రోజు కడుపునిండా తిన్నాను.

ఆ ఇంటి గురించి చెప్పాలంటే ముందు ఆ కాలనీ గురించి చెప్పాలి. కాలనీ పేరు చెప్పను. హబ్సిగూడ వైపు ఉంది, అంతవరకు చాలు. ఏడాదికి పైగా ఆ సందులన్నీ తిరిగాను, అక్కడ నా పేరు అడిగిన మనిషి లేదు. వాళ్ల పేర్లు నేనెందుకు చెప్పాలి. నా పేరు మాత్రం చెబుతాను, అండాలు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. నాకు రాయడం రాదు. చదవడం కూడబలుక్కుంటే కొంచెం వస్తుంది, అదెట్లా వచ్చిందో కూడా చెబుతాను.

మాది జనగామ అవతల పల్లె. పెళ్లయ్యాక మా ఆయనతో వరంగల్ రోడ్డు మీద బస్సులో వస్తుంటే నారపల్లి దాకా చేలు కనపడ్డాయి. కొన్ని చేలల్లో తెల్లరాళ్లు వరసగా పాతి ఉన్నాయి. ఇవేం పంట అని అడిగాను. ప్లాట్లు అన్నాడు. ఉప్పల్ వచ్చాక ఆ రాళ్లు కూడా లేవు, అంతా గోడలే. నాచారంలో మాది ఒక్క రేకుల గది, ఎదురుగా ఫ్యాక్టరీ గోడ. గాలి ఒకవైపు నుంచి వీస్తే బిస్కెట్లు కాల్చే వాసన, ఇంకోవైపు నుంచి వీస్తే కుళ్లిన గుడ్డు లాంటి మందుల వాసన. బిస్కెట్ల వాసన వచ్చిన రోజు ఆకలి రెండింతలయ్యేది, మందుల వాసన వచ్చిన రోజు ముద్ద దిగేది కాదు. రెండోదే మేలు, బియ్యం మిగులుతాయి అనేది మా అత్త. నవ్వుతూ అనేది కాదు.

మా ఆయన ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. నేను వచ్చిన నాలుగు నెలలకే ఆ ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. మిగతా పనివాళ్లతో కలిసి ఆ గేటు ముందు టెంటు వేసుకుని కూర్చునేవాడు. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అని పొద్దున డ్యూటీకి పోయినట్టే పోయి, సాయంత్రం డ్యూటీ దిగినట్టే వచ్చేవాడు. ఇల్లు మాత్రం మా అత్త నెత్తి మీది గంపతో నడిచింది. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే బేరం ఆమెది. మా మామ పోయినప్పటి నుంచి అదే పని. నాకు కూడా ఒక గంప కొని, పాత చీర చింపి చుట్టబట్ట చేసి నా నెత్తి మీద పెట్టింది. మా అత్త పేరు రాజవ్వ. నన్ను పేరు పెట్టి గానీ వరస పెట్టి గానీ పిలిచింది లేదు. ఏ పోరీ అనేది.

తెల్లవారే లేచి సామాను బూడిదతో తోమి, గుడ్డతో తుడిచి గంపలో సర్దేది. వేలిముద్ర కనపడితే నన్ను తిట్టేది. పెద్ద బేసినులు అడుగున, వాటిలో డబ్బాలు, డబ్బాల్లో గిన్నెలు, గిన్నెల్లో గ్లాసులు. ఎండ పడితే గంప మొత్తం ఒకటే మెరుపు. జొన్నరొట్టె, ఎర్రకారం తిని బయల్దేరేవాళ్లం. త్వరగా పోయి లాభం లేదు. ఇంట్లో మగవాళ్లుంటే బేరం కాదు, మగవాళ్లు తమ పాత ప్యాంటును ప్రాణం పోయినా వదలరు. వాళ్లు ఆఫీసుకు పోవాలి, పనిమనిషి పని ముగించుకుని వెళ్లిపోవాలి, ఇంటావిడ స్నానం చేసి బయటికి రావాలి, టీవీలో సీరియల్ మొదలు కాకూడదు. ఆ మధ్యలో ఉన్న కాస్త పొద్దే మాది. ఆ కాస్త పొద్దు కోసం నాచారం చౌరస్తా దాటి, సర్కారు సైన్సు ఆఫీసుల పొడుగు గోడ పట్టుకుని నడిచేవాళ్లం. ఆ గోడ పక్కన నీడ ఉండదు. గోడ లోపల మాత్రం చెట్లే చెట్లు.

సాయంత్రం మూటలు విప్పితే గదిలో ఆ కాలనీ ఇళ్లన్నీ వచ్చి కూర్చున్నట్టు ఉండేది. ఒక మూటలో కలరా ఉండల వాసన, ఒక మూటలో పౌడరు, ఒక మూటలో దేవుడి గది అగరొత్తులు, ముసలమ్మల చీరల్లో నొప్పుల తైలం. మా అత్త కళ్లు మూసుకుని వాసన చూసి ఇది ఫలానా సందుది అని చెప్పేది, తప్పేది కాదు. ముందు గుండీలు, హుక్కులు, జిప్పులు ఊడదీసి సీసాలో వేసేవాళ్లం. మంచి బట్టలు సోడా వేసిన వేడినీళ్లలో ఉడికించి, కుట్టి, పరుపు కింద మడతపెట్టి ఆదివారం సంతకు పంపేవాళ్లం. అంతకంటే తక్కువవి దిండు గలీబులయ్యేవి. ఎందుకూ పనికిరానివి చింపి ఫ్యాక్టరీలకు ఇచ్చేవాళ్లం, మిషన్లు తుడుచుకునే గుడ్డలకు. ఆ కాలనీ పెద్దమనుషుల బనీన్లతో మా నాచారం మిషన్ల జిడ్డు తుడిచారు, ఆ సంగతి వాళ్లకు తెలియదు. నాకు ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ బాగుంటుంది.

ఆ కాలనీకి వాళ్లు పెట్టుకున్న గుర్తులు వేరు, మేం పెట్టుకున్నవి వేరు. వాళ్లకు నల్లరాతి గుడి, గడియారం ఉన్న నీళ్ల ట్యాంకు, సిమెంటు జింకలు ఉన్న పార్కు, ఈత కొట్టే క్లబ్బు. ఆ క్లబ్బు గోడ పక్కన నడుస్తుంటే నీళ్లలో కలిపే మందు వాసన ముక్కుకు తగిలేది. మా బస్తీలో బోరింగు ముందు బిందెలు కొట్టుకునే రోజులవి, వాళ్లు నీళ్లలో పడుకుని ఆడుకునేవాళ్లు. మా గుర్తులు ఇవి కావు. నీళ్లిచ్చే వాచ్‌మన్ ఉన్న గేటు ఒకటి. నల్లకుక్క సందు ఒకటి. గంప దించుకోవడానికి నడుం ఎత్తు అరుగు ఉన్న గోడ ఒకటి, అది లేకపోతే ఇంకో మనిషి వచ్చి చెయ్యి వేసేదాకా గంప నెత్తి మీదే. బెల్లు కొడితే పై నుంచి చూసి లోపలికి పోయే ఇళ్లు పదో పన్నెండో, వాటి ముందు అరిచి గొంతు పాడు చేసుకోవద్దనేది మా అత్త. నా గొంతు అప్పటికే బొంగురు. పాత బట్టలకు స్టీలు సామానులూ అని నేను ఒక్క కేక వేస్తే రెండు సందుల అవతల కుక్కలు మొరిగేవి.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఎండాకాలం తురాయి చెట్ల సందు బాగుండేది. రోడ్డంతా ఎర్రగా పువ్వులు రాలి ఉండేవి, పొద్దున ఊడ్చినా మళ్లీ రాలేవి. చెప్పులు విప్పి నడిచేదాన్ని. అంత పెద్ద సందులో మనిషి కనపడేది కాదు. కుక్కకు గొలుసు, చెట్టుకు ఇనుప జాలీ, మాకు వాచ్‌మన్. ఎవరి కాపలా వాళ్లకుండేది. ఆ సందు చివర ఓడ ఇల్లు. ముందువైపు కొస తేలి, తెల్లటి రంగు, గుండ్రటి కిటికీలు, మేడ మీద నీలం రంగు రెయిలింగు. మొదటి రోజు నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఓడ అంటారని మా అత్తే చెప్పింది, ఆమె కూడా ఓడను చూసిన మనిషి కాదు. నీళ్లు లేని చోట ఓడ ఎందుకని అడిగితే, పైసలు మస్తుగుంటే గట్లనే పిచ్చిలేస్తది, నువ్వు నడువ్ అంది.

ఆ బేరంలో మా అత్త పెట్టుకున్న కట్టుబాటు ఒకటి ఉంది. అది నాకు మొదటి రోజే చెప్పింది.

"ఏ పోరీ, బట్ట ఎంత పాతదైనా తీస్కో. గిన్నె ఎంత మంచిదైనా తీస్కోకు. బట్టకు పేరుండది. గిన్నెకు పేరుంటది."

స్టీలు సామాను మీద పేరు కొట్టించుకునే అలవాటు అందరికీ ఉంది కదా, అది ఆమె చెప్పింది. నాకు అర్థమైంది అనుకున్నాను. అర్థం కాలేదు.

నా బిడ్డ అప్పుడు కడుపులో ఉంది, అయిదో నెల. మా అత్తకు మోకాలు వాచి లేవలేకపోయింది, నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఓడ ఇంటావిడ పిలిచింది. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు, మాట మెత్తగా ఉండేది. నాలుగు చీరలు, రెండు ప్యాంట్లు తెచ్చి పెద్ద బేసిను కావాలంది. చాలవమ్మా అన్నాను. చీరలు తిప్పి చూపించాను, అంచులు చిరిగి ఉన్నాయి. ఆవిడ లోపలికి పోయి మూత ఉన్న స్టీలు డబ్బా తెచ్చింది. పాతకాలపుది, మందంగా, బరువుగా ఉంది. ఇదీ తీసుకో, ఊరికే పడి ఉంది అంది. డబ్బా పక్కన చుక్కలు చుక్కలుగా అక్షరాలు కనపడ్డాయి. మా అత్త మాట గుర్తొచ్చింది. కానీ ఎవరి డబ్బా మీద ఎవరి పేరుంటుంది, వాళ్ల పేరే ఉంటుంది, వాళ్ల వస్తువు వాళ్లే ఇస్తున్నారు కదా అనుకున్నాను. పెద్ద బేసిను ఇచ్చేసి డబ్బా గంపలో పెట్టుకున్నాను. అత్తకు చూపించి మెప్పు పొందుదామని కూడా అనుకున్నాను, ఆ మాట దాచను.

అక్కడి నుంచి రెండు సందులు తిరిగాను. గేటు పక్కన ఎర్ర గన్నేరు ఉన్న ఇంటావిడ పిలిచింది. ఆవిడా ఆంధ్ర వైపు వాళ్లే. చిన్న గిన్నెలు చూపించమని గంప ముందు కూర్చుని ఒక్కొక్కటే తీస్తూ ఆ డబ్బా దగ్గర ఆగిపోయింది. తిప్పి చూసింది. అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుంది. ఇది మా అమ్మ డబ్బా, మా అమ్మ పేరు, నీకెక్కడిది అని అడిగింది. నేను భయపడలేదు. భయపడే పని ఏం చేశాను. ఓడ ఇంటమ్మ ఇచ్చిందమ్మా అని చెప్పాను. మా ఇంటి డబ్బా ఆవిడెందుకిస్తుంది అంటూ లేచి వాచ్‌మన్‌ను పిలిచింది. వాచ్‌మన్ నాకు రోజూ నీళ్లిచ్చే మనిషే. గంప నెత్తిన పెట్టుకుని ముందు నడువు అన్నాడు. నడిచాను. వెనక ఆవిడ డబ్బా పట్టుకుని, ఆమె వెనక వాచ్‌మన్. రోజూ నేను గొంతు చించుకుని అరిచినా తెరుచుకోని గేట్లు ఆ రోజు నేను నోరు విప్పకుండానే తెరుచుకున్నాయి. సిమెంటు జింకల పార్కు, క్లబ్బు గోడ, తురాయి చెట్ల సందు, అన్నీ దాటించి తీసుకుపోయారు. కడుపులో బిడ్డ కదిలినట్టయింది. అదే మొదటిసారి కదలడం.

ఓడ ఇంటావిడ మేడ మీద రెయిలింగు దగ్గరికి వచ్చింది, కిందికి దిగలేదు. డబ్బా చూసింది. గన్నేరు ఇంటావిడ మొహం చూసింది. నా మొహం మాత్రం చూడలేదు.

"నేను బట్టలే ఇచ్చానండీ. డబ్బా సంగతి నాకు తెలియదు. వీళ్లు వెనక సందులోంచి కూడా వస్తుంటారు, మీ గిన్నెలు తోమే చోటు ఒకసారి చూసుకోండి."

"అమ్మా, మీరే గదమ్మ లోపలికి పోయి తెచ్చిన్రు. ఊకెనే పడున్నది తీస్కో అన్నరు గద."

నా మాట పైకి పోలేదు. గన్నేరు ఇంటావిడ ఒక్క క్షణం తల దించుకుంది, మళ్లీ ఎత్తింది. నీళ్ల ట్యాంకు కింద కాలనీ కమిటీ ఆఫీసు ఉండేది. అక్కడ పింఛను తీసుకునే పెద్ద ఆఫీసరు ఒకాయన సెక్రటరీ. గంప అక్కడ పెట్టించుకున్నాడు. రేపు మీ పెద్దవాళ్లను తీసుకురా, లేకపోతే పోలీసులకు చెబుతాం అన్నాడు. ఉత్త చేతులతో ఇంటికి నడిచాను. నెత్తి మీద బరువు లేకపోతే మెడ ఎట్లా పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంట్లో జరిగింది జరిగినట్టు మూడుసార్లు చెప్పాను. మా అత్త జర్దా నములుతూ విన్నది. మా ఆయన అటు తిరిగి పడుకున్నాడు. మా అత్త బోరింగు దగ్గర నోరు విప్పితే పది మంది ఆడవాళ్లు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవాళ్లు. రేపు ఆ ఓడ ఇంటావిడ పని అయిపోయింది అనుకున్నాను. మర్నాడు వాచిన మోకాలుకు గుడ్డ కట్టుకుని నాతో నడిచింది. ఆఫీసులో ఇద్దరు ఆడవాళ్లూ కుర్చీల్లో కూర్చున్నారు. మా అత్త గడప బయటే నిలబడి రెండు చేతులూ జోడించింది.

"కడుపుతోని ఉన్న పిల్ల సారూ. మెరిసే డబ్బా జూసి మనసు పడ్డది. గసొంటప్పుడు ఆశపడ్డది దొరకకపోతె లోపలి బిడ్డకు మంచిది కాదంటరు గద. తెల్వక తీసింది. నా మొకం జూసి ఇడిసిపెట్టున్రి."

కుర్చీల్లో ఆడవాళ్లు కరిగిపోయారు. అయ్యో కడుపుతో ఉందా, ముందే చెప్పొద్దా అన్నారు. ఓడ ఇంటావిడ పాపం అని కూడా అంది. ఆ పాపం అన్న మాట ఆమె నోట్లోంచి వస్తుంటే నేను చూశాను, ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. గన్నేరు ఇంటావిడ డబ్బా ఒళ్లో పెట్టుకుని కొంగుతో తుడుచుకుంది. గంప మాకిచ్చేశారు. ముసలామె రావచ్చు, ఈ పిల్ల మాత్రం గేటు లోపలికి రాకూడదు అని సెక్రటరీ వాచ్‌మన్‌కు చెప్పాడు. దొంగతనం నా మీద పడింది, కారణం పుట్టని బిడ్డ మీద పడింది. ఆ బిడ్డే ఇప్పుడిది రాస్తోంది. ఈ సంగతి దానికి ఇవాళే తెలిసింది.

సైన్సు ఆఫీసుల పొడుగు గోడ దగ్గరికి వచ్చాం. అక్కడ అడిగాను, ఎందుకట్లా చెప్పినవని. మా అత్త గంప సర్దుకుంటూ నడక ఆపకుండానే చెప్పింది. నేను నిజమే చెప్పానని ఆమెకు ముందే తెలుసట. ఆ డబ్బా ఎప్పుడో పండక్కి ఒకరింటి నుంచి ఒకరింటికి పిండివంటలతో పోయి ఉంటుంది. పక్కింటివాళ్ల గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, ఏదైనా చేసి అందులో పెట్టి ఇద్దామనుకుంటూనే ఏళ్లు పోతాయి. అన్నేళ్లయ్యాక ఇస్తే ఇన్నాళ్లు ఉంచుకున్నావా అంటారని ఇవ్వడానికి సిగ్గు. కళ్ల ముందు ఉంచుకోవడానికీ సిగ్గు. అందుకని నీ గంపలో పడేసింది అంది. ఇరవై ఏళ్లు ఆ గడపల ముందు కూర్చున్న మనిషికి ఇవన్నీ ఇట్టే తెలిసిపోయాయి.

"నీ నిజం నిలబడితె వాళ్లిద్దరు కొట్లాడుకుంటరు. వాళ్లు కొట్లాడుకుంటె మనకు గేటు బంద్. గా కాలనీ పోతె ఏం తింటవ్?"

"మరి నా సంగతేంది?"

"నీకేమయింది. కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయ్ గద."

ఆ తర్వాత చాలా ఏళ్లు మా అత్త ఆ కాలనీకి పోతూనే ఉంది. నేను ఇంట్లో కూర్చుని గుండీలు ఊడదీశాను. ఓడ ఇంటి మూట వస్తే వాసనతోనే తెలిసేది. ఆ బట్టలు మంచివైనా సరే, సంతకు పంపలేదు, చింపి మిషన్లు తుడిచే గుడ్డల్లో వేసేదాన్ని. మా అత్త చూసి ఆ గుడ్డలు తనే మూట కట్టేది. నాచారం బజారులో స్టీలు కొట్టు ముందు పేర్లు కొట్టే అతను చిన్న మిషను పెట్టుకుని కూర్చునేవాడు. జుయ్యిమని తేనెటీగ చప్పుడు. బిడ్డను చంకనేసుకుని అతని పక్కన నిలబడి, అన్నా ఇదేం అక్షరం, అన్నా ఇదేం అక్షరం అని అడిగేదాన్ని. విసుక్కుంటూనే చెప్పేవాడు. నాకు వచ్చిన అక్షరాలన్నీ గిన్నెల మీద నేర్చుకున్నవే. పుస్తకంలో ఉంటే ఇప్పటికీ తడబడతాను, చుక్కలుగా ఉంటే చదువుతాను.

మా అత్త మంచాన పడితే ఒంటి చేత్తో చేశాను. ఎత్తాను, కడిగాను, తినిపించాను. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోమని అడగలేదు, ఆమె తీసుకోలేదు. పోయింది. మా ఆయన ఫ్యాక్టరీ తెరుచుకోలేదు. ఇంకో ఫ్యాక్టరీలో చేరాడు, అక్కడి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. దవాఖానాలో మంచం మీద ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని దగ్గరికి పిలిచాడు. ప్రేమగా ఏదో చెబుతాడనుకున్నాను.

"గా డబ్బా నువ్వే తీసినవా? జెప్పు. నేనేమనుకోను."

ఇన్నేళ్లూ ఆ ప్రశ్న కడుపులో పెట్టుకుని నా పక్కన పడుకున్నాడు, నేను వండింది తిన్నాడు. నేనేమనుకోను అన్నాడు చూడు, ఆ మాటే గుచ్చుకుంది. జవాబు చెప్పకుండా చాయ్ తెస్తానని లేచి వెళ్లాను. ఆ వారమే పోయాడు. తీయలేదని ఒక్క మాట చెబితే పోయేది. చెప్పలేదు. అడిగినందుకు కోపం, ఆ కోపం ఇంకా ఉంది. ఆయన మీద ఉందో నా మీద ఉందో తెలియదు.

ఇప్పుడు గంప ఎత్తుకున్న ఆడవాళ్లు ఆ రోడ్ల మీద కనపడరు. పాత బట్టలు ఏం చేస్తున్నారో తెలియదు. ఎవరూ ఎవరింటికీ గిన్నెలో పెట్టి పంపడం లేదు. ఫోను నొక్కితే ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది, తిని ఆ డబ్బా పారేస్తారు. తిరిగి ఇవ్వాల్సింది లేదు, సిగ్గుపడాల్సింది లేదు. మా రేకుల గది ఉన్న చోట కూడా అపార్ట్‌మెంటు లేచింది. దానికీ గేటు, గేటుకు వాచ్‌మన్. మా బస్తీలో పుట్టిన పిల్లే ఒకతి అందులో అద్దెకుంటోంది, ఊడ్చే ఆమె లిఫ్టు ఎక్కకూడదని గొడవ చేసిందట. ఆ కాలనీ వాళ్లే చెడ్డవాళ్లు అనుకుంటూ బతికాను ఇన్నాళ్లు. గేటు ఎవరి చేతికిస్తే వాళ్లు అట్లాగే తయారవుతారేమో. అయినా ఆ కాలనీ మీద నా కోపం తగ్గించుకోను.

మా ఆయన పోయాక ఒక మేస్త్రి నన్ను కళ్ల దవాఖానాలో ఆయాగా పెట్టించాడు. ఆ దవాఖానా అదే కాలనీలో, క్లబ్బు వెనక. గేట్ల దగ్గర వాచ్‌మన్లు మారారు, నన్ను గుర్తుపట్టే వాళ్లు లేరు. కళ్లలో చుక్కలు వేశాక చూపు మసకబారిన వాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించడం నా పని. తెలంగాణ వస్తుందా రాదా అని రోజూ బంద్‌లు నడిచి, చివరికి వచ్చేసిందని నాచారంలో పటాకులు కాల్చిన రోజులవి. ఉప్పల్ రోడ్డంతా మెట్రో స్తంభాల కోసం తవ్వి పెట్టారు. ఒక పొద్దున ఒక ముసలామె చెయ్యి నా చేతిలో పడింది. మొహం చూశాను. గన్నేరు ఇంటావిడ. ఇటు రామ్మా, మెట్టు ఉంది అన్నాను. ఆమె ఆగిపోయింది. ఈ గొంతు నాకు తెలుసు, నువ్వు స్టీలు సామాన్ల అమ్మాయివి కదూ అంది. అవునన్నాను. బెంచీ మీద కూర్చోబెట్టాను. మీ రాష్ట్రం మీకొచ్చింది కదా, ఇప్పుడు మమ్మల్ని వెళ్లగొడతారా అని అడిగింది. నిజంగానే భయపడుతూ అడిగింది.

"మీరు నన్ను గేటు బయటికి ఎల్లగొట్టిన్రు గదమ్మా. అప్పుడు ఏ రాష్ట్రమొచ్చిందని?"

ఆమె కళ్లు మూసుకుంది. చుక్కల మందు చెంపల మీదికి కారింది. నేను తుడవాలి, అది నా పని. తుడవలేదు. అప్పుడు చెప్పింది. ఓడ ఇంటి ముందు నిలబడ్డప్పుడే ఆమెకు గుర్తొచ్చిందట. కూతురికి పురుడు పోసినప్పుడు ఆ డబ్బాలోనే సున్నుండలు పెట్టి ఓడ ఇంటికి పంపింది. డబ్బా అక్కడే ఉండిపోయింది.

"మరి చెప్పలేదేంది?"

"ఆవిడతో నాకు రోజూ పని. గుడికి కలిసి వెళ్లేవాళ్లం. నీతో మళ్లీ పని పడుతుందని నేననుకోలేదు."

అంత సూటిగా చెప్పింది. అట్లా చెప్పినందుకు ఆమెను మెచ్చుకోవాలో ఉమ్మాలో తెలియలేదు. ఓడ ఇంటావిడ అప్పటికే చనిపోయిందట. ఎవరి పరువు కాపాడాలని ఈమె నన్ను దొంగను చేసిందో ఆ మనిషి లేదు. మాట వెనక్కి తీసుకోవాల్సిన మా అత్త లేదు, నన్ను నమ్మాల్సిన మా ఆయన లేడు. ఈ మాట ఇక్కడ కాదు, కమిటీ ఆఫీసుకు వచ్చి చెప్పండి అన్నాను. ఇప్పుడెందుకు అంది. నన్ను నడిపించారు కదా, మీరూ నడవండి అన్నాను.

ఆపరేషన్ అయ్యి, కట్టు విప్పి, చూపు వచ్చాక మళ్లీ చూపించుకోవడానికి వచ్చిన రోజు మధ్యాహ్నం నా అన్నం వేళలో బయల్దేరాం. రాదనుకున్నాను, వచ్చింది. మోకాళ్ల నొప్పులు, కర్ర పట్టుకుంది. మెల్లగా నడవమని అడిగింది, నడిచాను. చెయ్యి మాత్రం పట్టుకోలేదు. ముప్పై ఏళ్లుగా ఆ కాలనీలో ఉన్న మనిషి. క్లబ్బు పక్క సందులోంచి ట్యాంకు దగ్గరికి దారి ఉందని ఆమెకు తెలియదు. నన్ను నడిపించిన ఆ ఒక్క రోజు తప్ప ఎప్పుడూ కారులో పెద్ద రోడ్డు మీది నుంచే తిరిగిందట. ఈ ఇల్లెవరిది, ఈ సందెక్కడికి పోతుంది అని నన్నే అడిగింది. నేనే చెప్పాను. ఆఫీసులో పాత సెక్రటరీ లేడు. కంప్యూటరు ముందు ఒక చిన్నాయన ఉన్నాడు, నీళ్ల బిల్లులు చూస్తున్నాడు. ఆమె కుర్చీలో కూర్చుని కర్ర ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, దవాఖానాలో నర్సులు నన్ను పిలుస్తుంటే విన్న పేరుతో, ఈ అండాలు నా డబ్బా దొంగతనం చేయలేదు, నాకు తెలిసీ చేసిందన్నాను అని చెప్పింది. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎప్పుడు పోయింది మేడమ్, కంప్లయింట్ రాయాలా అని అడిగాడు. రాయొద్దు, విన్నవు కదా అన్నాను నేను.

నాకేదో తేలికవుతుందనుకున్నాను. కాలేదు. ఆకలి వేసింది, అంతే. దవాఖానాకు తిరిగి వెళ్లే టైమయింది. ఆమె కుర్చీలోంచి లేవబోయి లేవలేక, నన్ను ఇంటిదాకా దింపవా అండాలూ అని చెయ్యి చాపింది. చెమట పట్టి ఉంది మొహమంతా. బయట మంచి ఎండ. ఆమె ఇల్లు అక్కడి నుంచి మూడు సందులు, వచ్చిన దారిలో ఆమె ఒక్కతే పోలేదని నాకు తెలుసు. ఎవరికన్నా ఫోన్ చేయించుకోండి అని చెప్పి మెట్లు దిగాను. వెనక్కి చూడలేదు.

ఇది విని నా బిడ్డ కలం పక్కన పెట్టింది. ముసలామెను అట్లా వదిలి వస్తవా, ఈ ఒక్క ముచ్చట వద్దమ్మా, తీసేద్దాం అంటోంది. రాయమన్నాను.